పాత కారునకు వెనుక అద్దము

ఇంటి కిటికీకి అద్దము బిగించుట మనలో చాలమంది చూచియే యుందురు. వడ్రంగి చట్రములో అద్దమును నిలిపి, చుట్టును సన్నని కొయ్యపట్టీలు మేకులతో కొట్టి పోవును. అరగంటలో పని ముగియును. మోటారుకారు అద్దము సంగతి అట్లు కాదు. పూర్వపు కార్లలో వెనుక అద్దమును పట్టియుంచుటకు మేకు లేదు; మర లేదు. చుట్టును ఒక రబ్బరు పట్టీ మాత్రము ఉండును. గాలికిని, వానకును, గతుకుల దారికిని ఓర్చి ఆ రబ్బరే అద్దమును ఏండ్ల తరబడి కాపాడును.

ఈ అద్దము అమర్చు పని మా యింట రెండుమారులు జరిగినది. మొదటిమారు పరులచేత చేయించి చెడగొట్టుకొంటిమి. రెండవమారు మేమే చేసికొంటిమి. ఆ రెంటి నడుమ నేర్చుకొన్న సంగతులను సోదరీమణులకు చెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను. కారు లేనివారికి సయితము ఇందు పనికివచ్చునది కొంత కలదని నా నమ్మకము.

మా కారు

మేము విశాఖపట్టణమున కాపురముందుము. మా మామగారు 1962వ సంవత్సరమున ఒక ఓడ యుద్యోగి యొద్ద పాత కారొకటి కొనిరి. అది జర్మనీ దేశమున 1956లో తయారైన వోక్సువాగన్ బీటిలు. మా అత్తగారు కాపురమునకు వచ్చిన దినమున రైలుస్టేషనునుండి ఇంటికి ఆ కారులోనే వచ్చిరి. మావారును, మా ఆడుబిడ్డయు దాని వెనుక సీటులోనే పెరిగిరి. మామగారు గతించిన పిమ్మట కారు పెరటి రేకులపాకలో పండ్రెండేండ్లు కదలక పడియుండెను. దానిని అమ్మివేయుదమని పలువురు చెప్పిరి. అత్తగారు ఔననలేదు, కాదనలేదు. ప్రతి దీపావళికిని ఆ పాకలో ఒక దీపము మాత్రము పెట్టుచుండిరి. అది చూచి మావారు దానిని బాగుచేయింప నిశ్చయించిరి.

బీటిలు అనగా ఇంగ్లీషున పెంకుపురుగు. గుండ్రని వీపుతో చూచుటకు అట్లే యుండును గనుక లోకులు పెట్టిన పేరది. దీని యింజను వెనుకభాగమున నుండును; దానిని చల్లార్చుటకు నీరు అక్కఱలేదు, గాలియే చాలును. ఈ బండ్లు 1938లో మొదలై, మెక్సికో దేశములోని ప్వెబ్లా నగరమున 2003వ సంవత్సరము జూలై 30వ తేదీన కడపటిది వెలువడువఱకు, రెండుకోట్ల పదునైదు లక్షలకు పైగా తయారైనవి.

ఈ కారు వయస్సును దాని వెనుక అద్దమును బట్టి చెప్పవచ్చును. 1953 మార్చి వఱకు వచ్చిన బండ్లకు వెనుక రెండు చిన్న అద్దములును, వాని నడుమ ఒక సన్నని కమ్మియు నుండెను. పిమ్మట ఆ కమ్మిని తీసివేసి, కోడిగ్రుడ్డు ఆకారముగల ఒకే అద్దమును అమర్చిరి. 1957 ఆగస్టునుండి అదియు పోయి, వెడల్పైన నలుపలకల అద్దము వచ్చినది. కావున గ్రుడ్డు అద్దపు బండ్లు తయారైనది నాలుగేండ్లకు కొంచెము పైకాలము మాత్రమే. మా కారు ఆ కాలమునాటిది. అద్దము పగిలినచో మన అంగళ్లలో దొరకదు, విదేశమునుండి తెప్పింపవలసినదే. మా అద్దము ఒక్క గీతయైనను లేక డెబ్బది యేండ్లు నిలిచినది. మా భయమంతయు దానిని గుఱించియే.

అద్దపు స్వభావము

కారు వెనుక అద్దము సాధారణమైన అద్దము కాదు. దానిని ముందుగా కావలసిన ఆకారమునకు కోసి, అంచులు నున్నచేసి, 600 డిగ్రీల సెంటిగ్రేడు దాటునట్లు కాచి, రెండువైపులనుండి చల్లని గాలిని వేగముగా కొట్టించి తటాలున చల్లార్తురు. పైపొరలు మొదట గట్టిపడును. లోపలిభాగము తరువాత చల్లారుచు ముడుచుకొని, పైపొరలను లోనికి లాగిపట్టును. ఈ బిగువువలన అద్దమునకు మామూలు అద్దమునకంటె నాలుగైదు రెట్లు బలము కలుగును.

ఐతే ఈ బలమంతయు దాని ముఖమునందే. అంచున గట్టివస్తువు తగిలెనా, లోనున్న బిగువంతయు ఒక్కసారిగా విడిపోయి, అద్దము కలకండ పలుకులవలె చిన్నచిన్న తునకలై రాలిపోవును. ఆ తునకలకు కత్తివంటి వాదర యుండదు గనుక లోన కూర్చున్నవారికి పెద్ద గాయములు కావు. మనుష్యులకు అది మేలు; అద్దము మాత్రము దక్కదు. ఇట్టి అద్దమును కాచి చల్లార్చిన తరువాత కోయుటకు గాని, అరగదీయుటకు గాని వీలులేదు.

మొదటి ప్రయత్నము

కారు రంగు పూర్తియైన దినమున మావారు పట్టణములో అద్దములు బిగించు పనివానిని ఒకనిని పిలిపించిరి. అతడు చేయితిరిగినవాడే, ఐనను ఈ తరహా బండిని ఎన్నడును చూచినవాడు కాడు. రబ్బరును అద్దమునకు తొడిగి, గంటలోపల అద్దమును కారునకు ఎక్కించెను. మేమందఱము సంతోషించితిమి. అప్పుడు అతని కంట అల్యూమినియము పట్టీ పడినది.

ఈ పట్టీని గుఱించి చెప్పవలెను. బీటిలు కార్లలో కొంచెము ఖరీదైన రకమునకు, రబ్బరు పట్టీమీద వెండివలె మెఱయు సన్నని అల్యూమినియము పట్టీ చుట్టును ఉండును. చీరకు జరీయంచు ఎట్టిదో, ఆ అద్దమునకు ఇది అట్టిది. దీనిని దూర్చుటకు రబ్బరులోనే ఒక చిన్న గాడి కలదు. అద్దమును కారునకు ఎక్కింపకముందే, బల్లమీదనే, ఈ పట్టీని గాడిలో కూర్చవలెను. అద్దము ఎక్కిన పిమ్మట రబ్బరు నొక్కుకొనిపోయి, గాడి నోరు మూసికొనును. అప్పుడిక పట్టీ దూరదు.

ఆ సంగతి పనివానికి తెలియదు, మాకును తెలియదు. అతడు మరలు త్రిప్పు సాధనముతో గాడి నోరు తెఱచి పట్టీని దూర్ప మొదలుపెట్టెను. రబ్బరు రెండుచోట్ల చినిగెను. సాధనము జాఱి క్రొత్తరంగుమీద జానెడు గీత పడెను. పట్టీ ఒకచోట వంగెను. అల్యూమినియము మెత్తని లోహము. ఒకసారి మడతపడినచో ఎంత సరిచేసినను ఆ మచ్చ పోదు. “ఇది లేకున్నను కారు నడచును గదా అమ్మగారూ” అని అతడు నావైపు చూచెను. అద్దమునకు దెబ్బ తగులలేదు. అదియే చాలునని అతనికి కూలి యిచ్చి పంపితిమి.

వారము దినములకు వాన కురిసినది. తెల్లవాఱి చూడగా వెనుక సీటు వెనుకనున్న గూటిలో నీరు నిలిచియుండెను. ఈ కారునకు బ్యాటరీ వెనుక సీటు క్రిందనే యుండును. నీరు అచటికి చేరినచో నేలరేకు తుప్పుపట్టి, కొన్నాళ్లకు బ్యాటరీయే క్రిందికి జాఱును. కావున అద్దమును మరల తీయక తప్పలేదు.

రబ్బరు క్రింద దాగినది

పాత రబ్బరును కాపాడ ప్రయత్నింపరాదు. దాని లోపలి పెదవిని పదునైన బ్లేడుతో చుట్టును కోసి, లోపలనుండి అఱచేతులతో మెల్లగా నెట్టినచో అద్దము వెలుపలికి వచ్చును. వెలుపల ఒకరు దుప్పటి పట్టుకొని నిలువవలెను. మేమట్లే చేసితిమి.

అద్దము వచ్చినది, దానితోకూడ పెచ్చులు పెచ్చులుగా రంగును, దానిక్రింది పుట్టీయు ఊడివచ్చినవి. కిటికీ అంచు క్రింది మూలలో బొటనవ్రేలు పట్టునంత రంధ్రము కనబడెను. రంగు వేసినవాడు తుప్పును గోకక, పుట్టీతో పూడ్చి, పైన మెఱుగు పెట్టినాడు. సముద్రపు గాలి తగులు ఊరిలో ఉప్పుతేమ ఎంత చిన్న సందుననైనను దూరును. రబ్బరు చినుగుట వలననే నీరు వచ్చినదని మేమనుకొంటిమి. క్రొత్త రబ్బరు వేసినను వచ్చియే తీరును, ఏలయన రబ్బరు పట్టుకొనవలసిన అంచే అక్కడ లేదు.

ఆనాడు మావారు చాల నిస్పృహ చెందిరి. అత్తగారు వచ్చి ఆ రంధ్రమును వ్రేలితో తడవి చూచి, “ఇప్పుడే కనబడుట మంచిదాయెను. కప్పిపెట్టినయెడల ఇల్లంతయు తినివేయును” అని లోనికి పోయిరి.

ఆ భాగమును కోసివేసి క్రొత్తరేకు అతికించుటకును, తుప్పును తెల్లని ఇనుము కనబడువఱకు గోకుటకును, తుప్పునాపు పూత వేసి, పైన రంగు వేసి ఆరనిచ్చుటకును ఒక నెల పట్టినది. రంగు పచ్చిగా నున్నప్పుడు రబ్బరు ఎక్కించినచో రంగు దానికి అంటుకొని లేచివచ్చును.

బట్ట పని

ఇచ్చట ఆడువారి పని యొకటి వచ్చినది. కారు పైకప్పునకు లోపలివైపున బట్ట యుండును. ఆ బట్ట అంచును వెనుక కిటికీ చట్రముమీదికి లాగి, జిగురుతో అంటించి, దానిపైన రబ్బరు కూర్చుందురు. కావున బట్ట పని ముగియక అద్దము పెట్టరాదు. మొదటిమారు మేము పాతబట్టనే యుంచితిమి. అది మాసి, చెదలు తిని యుండెను.

అత్తగారును నేనును పాతబట్టను కుట్లు విప్పి, దానినే కొలతగా పఱచి, క్రొత్తబట్టను కత్తిరించితిమి. లోపల అడ్డముగా పోవు ఇనుపకమ్ములు దూరుటకు మడతలు కుట్టవలెను. అవి లంగా బొందు మడతవంటివే. ఎనుబదియేండ్లు దాటిన అత్తగారు అద్దాలు పెట్టుకొని ప్రతికుట్టును చూచిరి. బట్టను ఒకవైపు పూర్తిగా అంటించి రెండవవైపు లాగినచో ముడుతలు పడును. నడుమ మొదలుపెట్టి, కొంచెము ఇటు, కొంచెము అటు లాగుచు పోవలెను. దుప్పటికి బొంత కుట్టువారందఱికిని ఈ సంగతి తెలియును.

రెండవ ప్రయత్నము

క్రొత్త రబ్బరును, క్రొత్త పట్టీని తెప్పించితిమి. రబ్బరు కొనునపుడు పట్టీకి గాడి గలదియా, లేనిదియా చూచుకొనవలెను. రెండు రకములును దొరకును. రబ్బరులో గాడులు మూడు: ఒకటి అద్దపు అంచు దూరుటకు, రెండవది కారు రేకు అంచు దూరుటకు, మూడవది మెఱుగుపట్టీకి. ఈ మూటిని గుర్తించినచో పని సగము తెలిసినట్లే.

ఉదయమున రబ్బరును ఎండలో పెట్టితిమి. విశాఖ యెండకు అది పూరీ పిండివలె మెత్తబడినది. బల్లమీద దుప్పటి పఱచి, అద్దమును దానిపై నుంచి, రబ్బరును చుట్టును తొడిగితిమి. ఆపై మెఱుగుపట్టీని సబ్బునీటితో తడిపి, నున్నని కొయ్యపుల్లతో అంగుళము అంగుళముగా గాడిలోనికి నొక్కితిమి. తునకలు కలియుచోట చిన్న రేకుతొడుగు వేసితిమి. ఈ పనికే గంటన్నర పట్టినది. నూనె వాడరాదు, యంత్రపు నూనెలు రబ్బరును ఉబ్బించి పాడుచేయును. అత్తగారు కుంకుడుకాయల రసము తీసియిచ్చిరి. అది సబ్బునీటికంటె జాఱుడుగా నుండెను.

ఇక ముఖ్యమైన కిటుకు. రబ్బరు లోపలి పెదవి కారు అంచును దాటి లోనికి రావలెను. దానిని వ్రేళ్లతో గాని, పనిముట్లతో గాని లాగుట అసాధ్యము. అందుకు త్రాడు కావలెను. చేపలరేవునుండి నాలుగైదు మిల్లీమీటర్ల లావుగల నున్నని నైలాను త్రాడు తెచ్చి, రేకు దూరవలసిన గాడిలో చుట్టును పెట్టితిమి. రెండు కొనలను క్రిందిభాగమున, నడుమ, జానెడు మేర ఒకదానిపై నొకటి పోవునట్లు వదలితిమి. అద్దమును వెలుపలనుండి కిటికీకి ఆనించి, లోపలివారు త్రాటికొనను కారు లోపలికి, అద్దము నడుమకు లాగుచుండగా, త్రాడు వచ్చుచోట రబ్బరు పెదవి లేచి రేకు అంచును దాటి లోన పడును.

అత్తగారు ఇది చూచి నవ్వి, “ఇది బొందు ఎక్కించుటకు తలక్రిందులు గదా! అక్కడ త్రాటికొఱకు మడత, ఇక్కడ మడతకొఱకు త్రాడు” అనిరి.

నేను లోపల మోకాళ్లమీద కూర్చుంటిని. మావారును, మా ఆడుబిడ్డ కుమారుడును వెలుపల నిలిచి అఱచేతులతో అద్దమును నొక్కిరి. నేను లాగిన చోటనే వెలుపలివారు నొక్కవలెను. కావున “ఇక్కడ, ఇక్కడ” అని చెప్పుచునే యుంటిని. క్రిందిభాగము సుఖముగా వచ్చినది. ప్రక్కలును వచ్చినవి. పైని కుడిమూలలో త్రాడు బిగిసి నిలిచిపోయినది. గట్టిగా లాగితిని, రబ్బరు సాగినది గాని లోనికి రాలేదు. మావారికి చెమటలు పట్టినవి. పిడికిలి బిగించి ఆ మూలను గుద్దుటకు చేయి యెత్తిరి.

“ఆగు నాయనా!” అని అత్తగారు మెట్లమీదనుండి గట్టిగా కేకవేసిరి. “బొందు చిక్కుపడినప్పుడు ఎవరైనను లాగుదురా? వెనుకకు తీయవలెను గాని.”

మావారు చేయి దించిరి. అద్దమును మరల బయటికి తీసి బల్లమీద పెట్టితిమి. చూడగా ఆ మూలలో రబ్బరు ముడుతపడి, గాడి మూసికొనియుండెను. ఇంకను గుద్దియున్నచో ఆ దెబ్బ నేరుగా అద్దపు అంచునకే తగిలెడిది. రబ్బరును సరిచేసి, త్రాడు మరల చుట్టి, కుంకుడురసము పూసి, రెండవసారి మొదలుపెట్టితిమి. ఈమారు ఆ మూలయు మెత్తగా జాఱి, టప్పున లోన కూర్చుండెను. కడపటి త్రాటికొన నాచేతికి వచ్చునప్పటికి మధ్యాహ్నము రెండుగంటలైనది. అప్పటివఱకు ఎవరికిని అన్నము గుర్తురాలేదు.

మఱునాడు లోపల పాత వార్తాపత్రికలు పఱచి, వెలుపలనుండి చెంబుతో మెల్లగా నీరుపోసి చూచితిమి. క్రింది ఎడమమూలలో కాగితముమీద రెండు చుక్కలు తడిసినవి. రబ్బరు పెదవిని చదునైన కొయ్యపుల్లతో కొంచెము లేపి, ఎండినను మెత్తగానే యుండు నల్లని లప్పమును సన్నని గొట్టముతో లోనికి ఎక్కించితిమి. పిమ్మట ఎన్ని చెంబులు పోసినను కాగితము తడియలేదు.

వెనుకకు చూచుట

కారు నడుపువారికి వెనుక చూపు ఎంత ముఖ్యమో మొట్టమొదట వ్రాసి చెప్పినవారిలో ఒక స్త్రీ కలదు. ఇంగ్లండు దేశపు డొరొతీ లెవిట్టు మోటారు పందెములలో పేరుపొందినది. ఆమె 1909లో స్త్రీలకొఱకు కారును గుఱించి ఒక పుస్తకము ప్రకటించి, కారు నడుపు స్త్రీ చిన్న చేతియద్దము నొకదానిని దగ్గఱ నుంచుకొని, అప్పుడప్పుడు ఎత్తి వెనుక వచ్చు బండ్లను చూచుకొనవలెనని అందు చెప్పినది. కారులోనే అద్దము బిగించుకొని రే హారూన్ అనునతడు అమెరికాలోని ఇండియానాపోలిస్ పందెమున గెలిచినది 1911లో. ముఖము చూచుకొను అద్దమును దారి చూచుటకు వాడవచ్చునని ఆ స్త్రీ అతనికి రెండేండ్లు ముందే చెప్పినది.

ఇట్టి పని తలపెట్టు కుటుంబములకు ముఖ్యమైనవి మరల చెప్పుచున్నాను. తుప్పును కప్పక తీయుడు. రంగు పూర్తిగా ఆరనిండు. బట్ట ముందు, అద్దము తరువాత. మెఱుగుపట్టీ బల్లమీదనే కూర్చవలెను. అద్దమును అఱచేతులతో నొక్కుడు, పిడికిలితో వలదు. అద్దపు అంచును నేలకు గాని, ఇనుమునకు గాని తాకనీయకుడు. చేతులకు తొడుగులును, కన్నులకు అద్దములును ఉంచుకొనుడు. చిక్కుపడినచోట వెనుకకు రండు. ఈ క్రమము తప్పినందువలననే మాకు మొదటిమారు డబ్బును, రబ్బరును పోయినవి. పనివానిది తొందర, ఆ తొందరకు మేమును సంతోషించితిమి గదా!

ఆ మఱుసటి ఆదివారము సాయంకాలము అత్తగారిని వెనుక సీటులో కూర్చుండబెట్టుకొని సముద్రపుటొడ్డు దారిని వెళ్లితిమి. ముందరి సీటులోనికి రమ్మని మావారు పిలిచినను ఆమె రాలేదు. కొంతదూరము పోయిన పిమ్మట నేను తిరిగి చూచితిని. ఆమె మెడ త్రిప్పి, ఆ గ్రుడ్డు అద్దములోనుండి వెనుకకు పోవుచున్న దారిని చూచుచుండిరి. “ఏమి చూచుచున్నారత్తయ్యా?” అని అడిగితిని.

“ఆనాడు మీ మామగారి ప్రక్కన కూర్చుండుటకు సిగ్గుపడి వెనుకనే కూర్చుంటిని, అమ్మాయీ. స్టేషను కనబడకపోవువఱకు ఇందులోనుండియే చూచితిని. మా నాయనగారు అక్కడ నిలిచియుండిరి” అని చెప్పి, కొంగుతో అద్దముమీది మచ్చనొకదానిని తుడిచిరి.